అప్‌డేట్: రేణిగుంట స్థలం కొనలేదు

తిరుపతిలో ఉద్యోగం చేసుకుంటూ, తిరుచానూరు ఇల్లు అద్దెకిచ్చి, రేణిగుంట దగ్గర స్థలం కూడా కొనవచ్చా అని రెండు నెలల క్రితం అడిగాను కదా. కొనలేదు. మీరు చెప్పినట్టే ఈసీ (స్థలం మీద అప్పులు, పాత లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయించాను, అందులో ఏ చిక్కూ లేదు. కానీ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉంది. అందులో ఉన్నంతకాలం రిజిస్ట్రేషన్ జరగదు. మధ్యవర్తి మాత్రం "అదంతా మేం చూసుకుంటాం సార్" అంటూ అడ్వాన్సు అడుగుతూనే ఉన్నాడు. ఆ ధీమా చూస్తేనే భయమేసింది!

ఉద్యోగం సంగతి: ఆఫీసు సమావేశం మధ్యలో తిరుచానూరు ఇంట్లో అద్దెకున్నవాళ్ల నుంచి "నీళ్ల మోటారు ఆడటం లేదన్నా" అని ఫోన్లు వచ్చేవి. ఇప్పుడు మెకానిక్ నంబరు అద్దెవాళ్లకే ఇచ్చేశాను. ఖర్చు అద్దెలో తగ్గించుకుంటారు. పత్రాల పని ఆదివారం ఉదయమే. ముందు ఇంటి అప్పు కొంత తీరనీ, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) ఆమోదం ఉన్న లేఅవుట్లు అప్పుడు చూస్తాను.