మూడో క్వార్టర్‌లో షాట్లు పడట్లేదు, డిఫెన్స్ నిలబడట్లేదు: ముందు ఏది సరిచేయాలి?

బెంగళూరులో ఇంజనీరింగ్ కాలేజీ బాస్కెట్‌బాల్ టీమ్ మాది, సగం మంది తెలుగువాళ్లమే. మొదటి రెండు క్వార్టర్లు బాగానే ఆడతాం. మూడో క్వార్టర్ సగం దాటేసరికి 6.75 మీటర్ల త్రీ-పాయింట్ గీత బయట నుంచి వేసిన బంతి రిమ్ ముందు అంచుకు తగిలి వెనక్కొస్తోంది. ఫ్రీ త్రోలు మాత్రం పడుతున్నాయి, అదే విచిత్రం.

2-3 జోన్ (ముందు ఇద్దరు, బాస్కెట్ దగ్గర ముగ్గురు, ఎవరి చోటు వాళ్లు కాసే డిఫెన్స్) వేస్తే కార్నర్ ఖాళీ. అక్కడ గీత 6.60 మీటర్లే కదా, అవతలివాళ్లు తీరిగ్గా వేసేస్తున్నారు. ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ని కాసే మ్యాన్ టు మ్యాన్‌కు మారితే, అవతలివాళ్లు అడ్డంగా నిలబడి దారి ఆపే స్క్రీన్ దగ్గర మావాళ్లిద్దరూ బంతి వెంటే పోతున్నారు.

పరుగులు పెట్టించాక షూటింగ్ చేయించాం, సబ్‌స్టిట్యూషన్లు పెంచాం. తేడా లేదు. కోర్టు వారానికి మూడు సాయంత్రాలే దొరుకుతుంది, అదీ పైకప్పు లేనిది. వానొస్తే అంతే సంగతులు.

ఈ కాస్త టైమ్‌లో అలసిన కాళ్లతో షూటింగ్, జోన్‌లో కార్నర్ కవర్ చేయడం, ఈ రెండిట్లో ముందు దేన్ని పట్టుకోవాలి, ఏ డ్రిల్‌తో?