అప్‌డేట్: బైబిల్ కాలేజీ చదవని నేను సేవకు పనికొస్తానా?

వేదాంతం చదవలేదు, నలుగురిలో నోరు పెగలదు, నాలాంటివాడికి సేవ ఏమిటి అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ వందనాలు.

యేసు శిష్యులైన పేతురు, యోహానులను యూదుల మహాసభ చదువులేని పామరులుగానే చూసిందని (అపొస్తలుల కార్యములు 4:13) చాలామంది రాశారు. అది తెలిసిందే. నన్ను కదిలించింది అదే పుస్తకంలోని 8వ అధ్యాయం. విశ్వాసులపై హింస మొదలైనప్పుడు అపొస్తలులు, అంటే యేసు ఎంచుకున్న ముఖ్య శిష్యులు, యెరూషలేములోనే ఉన్నారు. చెదిరిపోయి, వెళ్లినచోటల్లా సువార్త చెప్పినవారు మామూలు విశ్వాసులు. చాలామంది పేర్లు కూడా మనకు తెలియవు! తరువాతి అధ్యాయంలోని అననీయ కూడా ఒక శిష్యుడే. విశ్వాసులను హింసించిన సౌలు దగ్గరికి వెళ్లమని ప్రభువు చెబితే ముందు తన భయం చెప్పుకున్నాడు, ఆ తరువాతే కదిలాడు. ఆ జంకు చూసి నాకెంత ఊరట కలిగిందో.

ప్రసంగం జోలికి పోలేదు. పాస్టరుగారిని అడిగి, ఆసుపత్రిలో ఉన్న మా సంఘ సభ్యురాలిని చూడడానికి వెళ్లాను. "ప్రార్థన చేయమంటారా అమ్మా?" అనేసరికి గొంతు తడారిపోయింది. ఆవిడ కళ్లు మూసుకుని చేయి చాపారు. రెండు ముక్కల్లో ముగించాను. "మళ్లీ రా బాబూ" అన్నారు.

ఇప్పుడు పరామర్శల బృందంలో నేనూ ఉన్నాను. పక్క మంచంవారి కోసం ప్రార్థించే ముందు వారి అనుమతి అడగమన్న సలహా పాటిస్తున్నాను.