పాత ఉక్కు ఫ్రేముతో తేలికపాటి రోడ్డు సైకిలు: వెనుక చక్రం వెడల్పు గురించి సలహా కావాలి

నమస్కారం. 40,000 రూపాయలకు మించకుండా, 9.5 కిలోల లోపు బరువుండే రోడ్డు సైకిలును ఇంట్లోనే స్వయంగా బిగించుకోవాలని పని మొదలుపెట్టాను. వికారాబాదు దగ్గరి అనంతగిరి కొండ ఎక్కేటప్పుడు ఇప్పుడున్న 14 కిలోల సైకిలు బరువంతా మోకాళ్లకు తెలుస్తోంది.

తెలిసినవారి దగ్గర 1980ల నాటి ఉక్కు ఫ్రేము దొరికింది. తూకం వేస్తే 2.1 కిలోలు ఉంది. పెడళ్ల ఇరుసు కూర్చునే గొట్టం దగ్గర గోటితో గీకగానే రంగు పొలుసుల్లా రాలి తుప్పు బయటపడింది గాని, లోపలి మరలు మాత్రం చెక్కుచెదరలేదు.

అసలు చిక్కు వెనుక చక్రంతో వచ్చింది. ఫ్రేములో దాని ఇరుసు కూర్చునే చోట వెడల్పు 126 మిల్లీమీటర్లు మాత్రమే ఉండగా, నేను కొనదలచిన 8 గేర్ల షిమానో క్లారిస్ సెట్టుకు సరిపోయే హబ్బుకు (ఇరుసు చుట్టూ తిరిగే చక్రం నడిమి భాగానికి) 130 కావాలి. అల్యూమినియాన్ని వంచకూడదు గాని, ఉక్కును రెండు పక్కలా రెండేసి మిల్లీమీటర్ల చొప్పున నెమ్మదిగా బయటికి వంచి వెడల్పు చేయవచ్చని తెలుసు. రెండు పక్కలూ సమంగా తెరుచుకున్నాయో లేదో ఫ్రేము ముందు భాగంలోని గొట్టం నుంచి దారం లాగి కొలుచుకోగలను. అయితే ఫ్రేములో ఇరుసు పట్టే కొనలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే ఇరుసు వంగి విరిగే ప్రమాదం ఉంది. ప్రత్యేక పరికరం లేకుండా వాటిని సరిచేసిన అనుభవం మీలో ఎవరికైనా ఉందా?

మిగిలిన డబ్బును ముందుగా తేలికైన చక్రాలపైనే పెట్టాలన్నది నా అభిప్రాయం. ఈ పద్ధతిలో సైకిలు కట్టుకున్నవారు అలాగే చేశారా, లేక గేర్ల సెట్టుకే ఎక్కువ కేటాయించారా, దయచేసి వివరంగా తెలియజేయగలరు.