ఉరి వేస్తే నిజంగ నేరాలు తగ్గుతయా?

నల్లగొండ పిలగాడు:
నిన్న మా బాబాయితోని ఒకటే లొల్లి. మిర్యాలగూడ పరువు హత్య కేసుల 2025 మార్చిల కోర్టు నరికినోనికి ఉరి వేసింది కదా, మిగిలినోళ్లకు యావజ్జీవం, ఆడ మొదలైంది. నలుగురిని ఉరి తీస్తే అందరు లైన్ల పడ్తరు అంటడు. నాకేమో డౌటు. సీసీ కెమెరా ఉన్న ఆసుపత్రి ముంగట పట్టపగలు నరికిండు, మన దేశంల ఉరి ఉన్నదని వానికి తెల్వదా? ఉరితోని తగ్గినట్టు ఏడన్న రుజువైందా? తిట్టకుండ చెప్పుండ్రి.

హనుమకొండ వకీల్:
తమ్మీ, మా దగ్గర 2019ల తొమ్మిది నెలల పాప కేసు యాదికున్నదా? జూన్ల నేరం, ఆగస్టు 8న ఉరి, నవంబర్ల హైకోర్టు దాన్ని చచ్చేదాక జైలుగ మార్చింది. కింది కోర్టు ఉరి వేస్తే హైకోర్టు కన్ఫర్మ్ చెయ్యాల్సిందే, ఆ తర్వాత సుప్రీం, రివ్యూ, క్షమాభిక్ష. దేశమంత చూసిన నిర్భయ కేసుకే 2012 డిసెంబర్ నుంచి 2020 మార్చి దాక పట్టింది. ఇగ మామూలు కేసులల్ల నేను రోజు చూసేది చెప్త. నాలుగైదేండ్లకు సాక్షి బోనెక్కుతడు, "పంచనామా మీద సంతకం నాదే సార్, అండ్ల ఏం రాసిన్రో నేను చదవలే" అని తల దించుకుంటడు. వెనక బెంచీ మీద ముద్దాయి తమ్ముడు కూసోని ఉంటడు. కేసు ఆడనే ఖతం. ఉరా, జైలా అనేది తర్వాత ముచ్చట, అసలు శిక్ష పడ్తదన్న భయమే లేదు.

పేట అబ్బాయి:
మీ లెక్కలు బానే ఉన్నాయి గానీ మా చిలకలూరిపేట బస్సు సంగతేంటండీ? 1993లో దోపిడీకి ఎక్కి పెట్రోలు పోసి తగలబెట్టారు, 23 మంది కాలిపోయారు. ఉరి వద్దని హక్కుల సంఘాల వాళ్లు గట్టిగా తిరిగారు, 1998లో రాష్ట్రపతి నారాయణన్ గారు యావజ్జీవం చేశారు. మా అమ్మ ఇప్పటికీ నైట్ బస్సంటే డోరు పక్క సీటే అడుగుతుంది. భయపడతారా లేదా అని కాదు, చేసినదానికి తగ్గ శిక్ష ఉండాలి కదా, నేనైతే ఉరికే ఓటు.

డల్లాస్ బావ:
@పేట అబ్బాయి, మీరు చెప్పేది న్యాయం గురించి, ఆయన అడిగింది భయం గురించి, రెండూ కలిపేస్తున్నాం. మా టెక్సాస్‌లో 1982 నుంచి 500 మందికి పైగా మరణశిక్ష అమలు చేశారు, అసలు మరణశిక్షే లేని మసాచుసెట్స్‌లో హత్యల రేటు ఇక్కడికంటే తక్కువ. అలాగని అది రుజువేం కాదు లెండి, తుపాకులూ పేదరికం లాంటి తేడాలు చాలా ఉన్నాయి. 2012లో ఇక్కడి నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అప్పటిదాకా వచ్చిన స్టడీలన్నీ చూసి, వీటితో తగ్గుతాయనీ చెప్పలేం పెరుగుతాయనీ చెప్పలేం, వీటిని నమ్ముకుని చట్టాలు చెయ్యొద్దని తేల్చేసింది.

నల్లగొండ పిలగాడు:
అందరికి థ్యాంక్స్. బాబాయికి అన్నీ చదివి ఇనిపించిన. డల్లాస్ అన్నది కొట్టిపారేసిండు, అమెరికా ముచ్చట మనకెందుకన్నడు. వకీల్ సాబ్ చెప్పిన సాక్షి కాడికి రాంగనే సప్పుడు లేదు. మొన్న మా ఊరి కొట్లాట కేసుల పంచనామా మీద సంతకం పెట్టింది ఈయనే, సమన్లు వస్తే జ్వరమని పోలే.