పెద్ద గుహలో ఫొటోలు: దగ్గరి రాళ్లు తెల్లగా, అవతలి గోడ నల్లగా వస్తున్నాయి

గబ్బిలంరెక్క:
సున్నపురాయి గుహ. లోపలి హాలు పొడవు దాదాపు 60 మీటర్లు, కప్పు 20 మీటర్ల ఎత్తు. ట్రైపాడ్, వైడ్ లెన్స్, ఒక ఫ్లాష్, హెడ్‌ల్యాంపులు ఉన్నాయి. ఫ్లాష్ కెమెరా మీద పెట్టి తీస్తే దగ్గరి రాళ్లు తెల్లగా తేలిపోతున్నాయి, అవతలి గోడ కనిపించదు, ఫొటో నిండా మంచు కురిసినట్టు చుక్కలు. ఆటోఫోకస్ కుదరడం లేదు. ముగ్గురం వెళ్తాం. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె), షటర్ ఎంత పెట్టాలి?

రాతిపొర:
సెట్టింగుల కంటే ముందు ఫ్లాష్‌ని కెమెరా మీంచి తీసేయండి. ఆ చుక్కలు గాలిలో తేలే సన్నటి నీటి బిందువులు, మీ ఊపిరి ఆవిరి. లైటు లెన్స్ పక్కనే ఉంటే వాటికి తగిలి నేరుగా లెన్స్‌లోకే తిరిగొస్తుంది. పైగా దూరం రెట్టింపైతే వెలుతురు నాలుగో వంతే మిగులుతుంది. 3 మీటర్ల దూరంలోని రాయికీ 30 మీటర్ల గోడకీ మధ్య నూరు రెట్ల తేడా. దాన్ని ఏ ఐఎస్ఓ కూడా సరిచేయలేదు.

కెమెరా ట్రైపాడ్ మీద, బల్బ్ మోడ్ (మీరు మూసేదాకా షటర్ తెరిచే ఉంటుంది), ఎఫ్/8 (లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే అంకె), ఐఎస్ఓ 400, రా ఫైలు (తర్వాత సవరించుకోవడానికి వీలైన ముడి ఫైలు). స్టెబిలైజర్ (వణుకు తగ్గించేది) ఆఫ్. అందరూ లైట్లు ఆర్పాక షటర్ తెరవండి. కటికచీకటిలో షటర్ ఎంతసేపు తెరిచున్నా ఫర్వాలేదు, ఫ్లాష్ వెలిగిన క్షణాలే ఫొటోలో పడతాయి. ఒకరు ఫ్లాష్ పట్టుకుని స్తంభాల వెనక నుంచి పక్కగోడ మీదికి కొట్టాలి, మరో చోటికి వెళ్లి మళ్లీ కొట్టాలి. పక్కనుంచి పడే వెలుతురుకే రాతి ముడతలు, జారిన సున్నపు ధారలు లేచి కనిపిస్తాయి. చీకట్లో మాత్రం ఎవరూ అడుగు వేయొద్దు. నడిచే ముందు కెమెరా దగ్గరున్నవారు లెన్స్‌కి తగలకుండా నల్ల టోపీ అడ్డం పెట్టాలి, అప్పుడే హెడ్‌ల్యాంప్ వెలిగించాలి.

ఫ్లాష్ ఎంత దూరం అందుతుందో లెక్క: గైడ్ నంబర్ అంటే ఫ్లాష్ బలం చెప్పే అంకె, దాన్ని ఎఫ్ అంకెతో భాగిస్తే దూరం వస్తుంది. ఐఎస్ఓ 100 దగ్గర అది 40 అయితే ఎఫ్/8లో 5 మీటర్లు, ఐఎస్ఓ 400లో 10, 1600లో 20. కప్పు కోసం అదే చోటి నుంచి నాలుగైదు సార్లు కొట్టండి.

దారిదీపం:
ఫోకస్ సంగతి. మూడో మనిషిని హాలు మధ్యలో నిలబెట్టి, చేతిలో వెలిగించిన టార్చ్ పెట్టండి. లైవ్ వ్యూలో (కెమెరా వెనక తెర మీద) ఆ వెలుగును పెద్దది చేసి చూసి ఫోకస్ చేశాక మాన్యువల్‌కి మార్చేయండి. రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి. ఆ మనిషిని అక్కడే ఉంచి, వెనకనుంచి ఒక ఫ్లాష్ కొడితే హాలు ఎంత పెద్దదో ఫొటో చూడగానే తెలుస్తుంది.

టార్చ్‌తో గోడల మీద వెలుతురు పూసే పద్ధతైతే ముందు ఐఎస్ఓ 6400లో 4 సెకన్లు పరీక్షగా తీయండి. అది సరిపోతే ఐఎస్ఓ 400లో 64 సెకన్లు. లైటు ఒకచోట ఆగితే అక్కడ మచ్చ పడుతుంది, కదుపుతూనే ఉండాలి. టార్చ్‌లన్నీ ఒకే రంగు వెలుతురువి కావాలి. ఒకటి పసుపుగా, ఒకటి నీలంగా ఉంటే తర్వాత సవరించడం నరకం. నేనైతే ఒక్కో వైపు లైటుకి ఒక్కో ఫ్రేము తీసి, కంప్యూటర్‌లో కలపడమే మేలంటాను. ఒక ఫ్లాష్ తప్పినా మొత్తం షాట్ పోదు.

గబ్బిలంరెక్క:
లెన్స్ మీద ఆవిరి పడితే?

రాతిపొర:
గుహ గాలిలో తేమ నూటికి నూరు శాతానికి దగ్గరగా ఉంటుంది. కెమెరా ఆ గాలి కంటే చల్లగా ఉంటే ఆవిరి పట్టక తప్పదు. తుడిచినా మళ్లీ పడుతుంది. గాలి చొరని సంచిలో కట్టి లోపలికి తీసుకెళ్లి, అరగంట ఆగి తెరవండి. షాట్ తీసేటప్పుడు ఊపిరి పక్కకి వదలండి.

మనిషికి మూడు లైట్లు, హెల్మెట్, ఎప్పటికి తిరిగొస్తారో బయట ఒకరికి చెప్పి ఉంచడం తప్పనిసరి. వాన సూచన ఉంటే వెళ్లొద్దు. లోపల వాగు నీరు బురదగా మారినా, మట్టం పెరిగినా వెంటనే వెనక్కి. తలనొప్పి, ఆయాసం మొదలైతే గాలి చెడిందనే అనుకోండి. గబ్బిలాల గుంపు కనిపిస్తే ఫ్లాష్ ఆపి పక్కకు తప్పుకోండి. సున్నపు స్తంభాలని చేత్తో ముట్టొద్దు, ట్రైపాడ్ కాళ్లు నడకదారి మట్టి మీదే ఉండాలి. చర్మపు జిడ్డు అంటిన చోట నీరు సరిగా పారదు, సున్నం పేరడం ఆగుతుంది, మరక అలాగే ఉండిపోతుంది.