పటాలకు 2 ఎంఎం గ్లాసు: నమ్మకమైన డీలర్‌ని ఎలా పట్టుకోవాలి?

తెనాలి_ఫ్రేమ్స్

నమస్కారం అండీ. తెనాలిలో పటాలు కట్టే షాపు పెడుతున్నాను. మౌల్డింగ్ (ఫ్రేముకి వాడే పట్టీ), హార్డ్‌బోర్డు, మౌంట్ బోర్డు (బొమ్మ చుట్టూ వేసే అట్ట), మూలలు బిగించే మిషను అన్నీ కుదిరాయి. గ్లాసు విషయమే ఎటూ తేలడం లేదు.

ఇక్కడ ఎక్కువగా పోయేవి దేవుడి పటాలు, 10×12, 12×18 అంగుళాల సైజుల్లో. పెళ్ళి ఫొటోలు 16×24, 20×24. అప్పుడప్పుడు 24×36. నెలకు 250 చదరపు అడుగుల గ్లాసు పడుతుందని అంచనా.

ఊళ్ళో హార్డ్‌వేర్ షాపులో దొరుకుతోంది కానీ రేటు ఎక్కువ. విజయవాడలో ఇద్దరు డీలర్లను అడిగితే అడుగుకి నాలుగు రూపాయల తేడా చెప్పారు. తక్కువ చెప్పినవాళ్ళ దగ్గరే కొనొచ్చా? కంపెనీ నుంచి నేరుగా తెప్పించుకునే వీలుందా? సైజులకు కోయించి తెచ్చుకోవాలా, ఫుల్ షీట్లు తెచ్చి ఇక్కడే కోసుకోవాలా? ఈ పని తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

---

గ్లాస్_గోడౌన్

ముందు కంపెనీ సంగతి. మనకు దగ్గర్లో ఉన్న పెద్ద ఫ్లోట్ గ్లాసు (అలలు లేకుండా చదునుగా వచ్చే గ్లాసు) ఫ్యాక్టరీ తమిళనాడులో శ్రీపెరంబుదూరు దగ్గరి సెయింట్ గోబైన్‌ది. అక్కడి నుంచి సరుకు లారీ లోడ్ల లెక్కన డిస్ట్రిబ్యూటర్లకు వెళ్తుంది. మీ 250 అడుగులు 2 ఎంఎంలో 116 కిలోలే. దానికి కంపెనీ గుమ్మం ఎక్కే పని లేదు. మీకు కావాల్సింది విజయవాడ, గుంటూరుల్లో ఒక మంచి డీలరు.

డీలర్ని రేటు బట్టి ఎంచుకోకండి. ముందు ఒక్క మాట అడగండి: "మీ దగ్గర 2 ఎంఎం ఇంకెవరు తీసుకుంటారు?" గ్లాసు డీలర్లలో ఎక్కువమందికి వ్యాపారం అల్యూమినియం, యూపీవీసీ కిటికీలతో. వాళ్ళ దగ్గర 4, 5, 6 ఎంఎం వారం వారం దిగుతుంది, పోతుంది. 2 ఎంఎం మాత్రం గోడౌన్ మూలన నెలల తరబడి నిలబడి ఉంటుంది. ఫ్రేమ్ షాపులకు రోజూ సరుకు వేసే డీలరు దగ్గర అదే 2 ఎంఎం తాజాగా ఉంటుంది. మీకు చెప్పిన నాలుగు రూపాయల తేడా చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. పాత స్టాకు వదిలించుకోవాలనుకున్నవాళ్ళే తక్కువ చెబుతారు.

గ్లాసుకు పాతబడటం ఏమిటని కొట్టిపారేయకండి. గ్లాసులో సోడా ఉంటుంది. దగ్గరగా అంటుకుని ఉన్న రెండు షీట్ల మధ్యకు తేమ చేరి ఆరే దారి లేకపోతే, ఆ పలచని నీటిపొర గ్లాసులోని సోడియాన్ని బయటికి లాగుతుంది. నీరు కదలదు కాబట్టి క్షారం అక్కడే ముదిరి గ్లాసు పైపొరని తినడం మొదలుపెడుతుంది. మొదట రంగురంగుల మెరుపు కనిపిస్తుంది, తర్వాత పాలు ఒలికినట్టు తెల్లటి మచ్చ. మొదటి దశలో అయితే కడిగితే పోవచ్చు. తెల్లబడ్డాక ఇక పోదు, అది మరక కాదు, గ్లాసే చెడింది. సీరియం ఆక్సైడ్‌తో పాలిష్ పట్టొచ్చు కానీ 2 ఎంఎం గ్లాసుకు ఆ ఖర్చు గిట్టదు. కృష్ణా, గుంటూరు వైపు వానాకాలం, ఆపైన తుపాన్ల రోజులు గడిచిన స్టాకు అయితే తప్పనిసరిగా చూసి కొనాలి.

చూసే పద్ధతి ఇది. షీటు వెనక నల్లగుడ్డ పెట్టి, టార్చి లైటుని పక్కనుంచి వాలుగా వేయండి. ఎదురుగా చూస్తే కనపడని మచ్చ అలా బయటపడుతుంది. ఒక జాగ్రత్త: తడిగుడ్డతో తుడిచి చూపిస్తే ఒప్పుకోకండి. తడి ఉన్నంతసేపు ఆ మచ్చ మాయమవుతుంది, ఆరగానే తిరిగి వస్తుంది. పూర్తిగా ఆరనిచ్చి మళ్ళీ చూడండి. పైషీటు ఒక్కటే కాదు, కట్ట మధ్యలోంచి రెండు తీయించండి.

షీట్ల మధ్య సన్నటి తెల్లపొడి గానీ, కాగితం గానీ ఉందో లేదో కూడా చూడండి. ఫ్యాక్టరీలోనే అది వేస్తారు. షీట్లు అతుక్కోకుండా, గీతలు పడకుండా, తేమ వల్ల పైపొర చెడకుండా కాపాడేది అదే. చేతికి పొడి తగలకుండా షీట్లు ఒకదానికొకటి పట్టేసి ఉంటే, ఆ కట్ట విప్పి ఎక్కడో కడిగి మళ్ళీ పేర్చారని అర్థం. అలాంటిది వదిలేయండి.

---

కటింగ్_టేబుల్

పైన చెప్పిన దానికి మందం సంగతి కలుపుతాను. 2 ఎంఎం అని చెప్పి 1.8 ఇవ్వడం ఈ వ్యాపారంలో మామూలు. మందం కొలిచే వెర్నియర్ లేకపోయినా త్రాసు ఉంటే తేలిపోతుంది. ఎంఎం మందానికి చదరపు మీటరుకి రెండున్నర కిలోలు, ఇదే గ్లాసు బరువు లెక్క. ఆ ప్రకారం 12×12 అంగుళాల ముక్క 2 ఎంఎం అయితే 465 గ్రాములు తూగాలి. 1.8 అయితే 418 దగ్గర ఆగుతుంది. శాంపిల్ ముక్క కోయించి అక్కడే తూచండి, ముక్క కొలత మాత్రం కచ్చితంగా ఉండాలి.

ఫ్లోట్ గ్లాసా, పాత పద్ధతి షీట్ గ్లాసా అన్నది కూడా అడగండి. ఫ్లోట్‌కి మన ప్రమాణం ఐఎస్ 14900, షీట్ గ్లాసుకి ఐఎస్ 2835. షీట్ గ్లాసులో సన్నటి అలలు ఉంటాయి. గ్లాసుని ఏటవాలుగా పట్టుకుని అందులోంచి కిటికీ చువ్వలు చూస్తూ మెల్లగా కదపండి. చువ్వలు వంకరపోతూ కదిలితే అది పటానికి పనికిరాదు, మనిషి ముఖం మీద ఆ అల బాగా తెలుస్తుంది.

ఇక కోయించాలా, కోసుకోవాలా. నా మాట ఫుల్ షీట్లే. కారణం డీలర్ల కొలత పద్ధతి. కోసి ఇచ్చేటప్పుడు చాలామంది కొలతని పై అంకెకు సర్ది బిల్లు వేస్తారు, కొందరు 3 అంగుళాలకు, కొందరు 6 అంగుళాలకు. 10×12 ముక్క నిజానికి 0.83 అడుగు, బిల్లులో 12×12, అంటే ఒక అడుగు పడుతుంది. ఇరవై శాతం ఎక్కువ. 16×20 అయితే 6 అంగుళాల లెక్కలో 18×24 అయి మూడు అడుగులకు డబ్బు కట్టాలి, అసలు ఉన్నది 2.22 అడుగులే. ఏ లెక్క వాడతారో ముందే అడిగి రాయించుకోండి.

మీ సైజులకు 36×48 అంగుళాల షీటు చక్కగా సరిపోతుంది. 12×18 ముక్కలు ఎనిమిది వస్తాయి, ముక్క మిగలదు (36 వైపు మూడు చొప్పున రెండు వరసలు, మిగిలిన 12×36 పట్టీలో రెండు). 10×12 అయితే పన్నెండు వచ్చి, మిగిలిన 8 అంగుళాల పట్టీలో 8×12 మూడు వస్తాయి. 20×24 రెండు కోస్తే మిగిలే పట్టీలో 16×24 రెండు సరిగ్గా పడతాయి. 24×36 కూడా రెండు. కొనేముందు డీలరు దగ్గర ఏ షీటు సైజులు ఉన్నాయో అడిగి, కాగితం మీద ఇలా గీసుకున్నాకే ఆర్డరు చెప్పండి. అడుగుకి రూపాయి తక్కువైనా మీ సైజులకు కుదరని షీటు కొంటే తరుగులోనే అంతా పోతుంది.

షీటు అంచు చితికి పావు అంగుళం కొట్టేయాల్సి వచ్చినా భయం లేదు. మూడు ముక్కలకు తలా 2 ఎంఎం తగ్గించుకుంటే సరిపోతుంది, మౌల్డింగ్ పెదవి (గ్లాసు అంచుని కప్పే ముందు భాగం) కింద అది కనపడదు. అసలు గ్లాసు కూర్చునే గాడి కొలతకన్నా గ్లాసు పొడవు వెడల్పుల్లో 3 ఎంఎం తక్కువే ఉండాలి. బిగుతుగా కూర్చోబెడితే వానాకాలం చెక్క కదిలినప్పుడు మూల దగ్గర పగులుతుంది. తర్వాత ఆ తప్పు డీలరు మీద వేసినా లాభం లేదు.

కోసేటప్పుడు గీత ఒక్కసారే, ఒకే ఒత్తిడితో, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా. కటరు చక్రానికి కాస్త కిరోసిన్ చాలు. గీత వెంట తెల్లపొడి లేస్తుంటే ఒత్తిడి ఎక్కువైనట్టు. గీసిన గీత మీద మళ్ళీ గీయొద్దు, చక్రం పాడవుతుంది, గ్లాసు అడ్డదిడ్డంగా విరుగుతుంది. గీసిన వెంటనే విరిచేయండి. మచ్చ పట్టిన షీటు మీద కటరు జారి గీత మధ్యలో తెగుతుంది. శాంపిల్ షీటులో ఇదీ ఒక పరీక్షే.

---

మౌంట్‌బోర్డ్

ఫుల్ షీట్ల మాటతో నేను పూర్తిగా ఏకీభవించను. కోయడం చేయి తిరిగినవాళ్ళు షాపులో ఉంటే సరే. లేకపోతే మొదట్లో 12×18, 10×12 రెండింటినే వందల లెక్కన కోయించి తెచ్చుకోవడం నయం. ఎక్కువ సంఖ్యలో ఒకే సైజు అడిగితే షీటు లెక్కకే బిల్లు వేయమని బేరమాడొచ్చు. పెద్ద సైజులు మాత్రం ఆర్డరు వచ్చినప్పుడే షీటు నుంచి కోయండి.

మందం: 20×24 దాకా 2 ఎంఎం చాలు. 24×36 ఆరు అడుగులు, 2 ఎంఎంలో 2.8 కిలోలు, 3 ఎంఎంలో 4.2 కిలోలు. బరువు తేడా చిన్నదే, 3 ఎంఎం పెట్టండి, పట్టుకుని తిప్పేటప్పుడు వంగి పగలదు. దానికి తగ్గట్టు మూల బిగింపు, కొక్కేలు కూడా గట్టివి ఉండాలి. అంతకన్నా పెద్దవాటికి అక్రిలిక్ చూడండి. అదే మందానికి గ్లాసులో సగం బరువు కూడా ఉండదు. కానీ స్థిర విద్యుత్ ఉంటుంది, పొడిరంగులు, బొగ్గు గీతల చిత్రాలకు వాడకూడదు, ఆ పొడిని లాగేసుకుంటుంది.

నాన్ రిఫ్లెక్టివ్ గ్లాసు అడిగేవాళ్ళు తప్పకుండా వస్తారు. మామూలు గ్లాసు రెండు ముఖాల మీదా కలిపి 8 శాతం వెలుగుని తిప్పికొడుతుంది. డీలర్లు ఇచ్చే నాన్ రిఫ్లెక్టివ్ ఎక్కువగా ఆమ్లంతో ముఖాన్ని గరుకు చేసినది. ప్రతిబింబాన్ని చెదరగొడుతుంది, వెలుగుని తగ్గించదు. బొమ్మకి దగ్గరగా ఉంటేనే బాగుంటుంది. మౌంట్ బోర్డు వేసి ఎడం పెరిగితే బొమ్మ మసకగా కనిపిస్తుంది. మ్యూజియం గ్లాసు అనే పూత గ్లాసు వేరే రకం, ఖరీదు కూడా చాలా ఎక్కువ. ఈ రెండింటినీ ఒకే పేరుతో అమ్మేవాళ్ళు ఉన్నారు, శాంపిల్‌ని బొమ్మకి అంగుళం పైకెత్తి చూస్తే అది ఏ రకమో తెలిసిపోతుంది. గరుకు ముఖం ఒకవైపే ఉంటే అది బయటికి రావాలి.

---

తెనాలి_ఫ్రేమ్స్

చాలా థాంక్స్ అండీ, ఇంత వివరం ఎక్కడా దొరకలేదు. ఇంకో రెండు మాటలు. ఎక్కువ రేటు చెప్పిన డీలరు బండి ఎక్కించాక పగిలితే మాకు సంబంధం లేదంటున్నారు. ఇది మామూలేనా? బిల్లు లేకుండా ఇస్తే తగ్గిస్తామని రెండో ఆయన అంటున్నారు, ఏం చేయాలి?

---

గ్లాస్_గోడౌన్

మీ బండిలో మీరు తెచ్చుకుంటే ఆ షరతు మామూలే. వాళ్ళే బండి కట్టి పంపితే మాత్రం దించేటప్పుడు పగిలినవాటికి వాళ్ళే బాధ్యులని ముందే మాట్లాడండి. దించగానే, బండి వెళ్ళకముందే అంచులు, మూలలు చూసి ఫొటో తీసి పంపండి. మర్నాడు చెబితే ఎవరూ ఒప్పుకోరు.

తరుగుతో కలిపి నెలకు 36×48 షీట్లు 23 అనుకోండి, 128 కిలోలు. ట్రాలీ ఆటోలో వచ్చేస్తుంది. షీట్లు పడుకోబెట్టి తేవద్దు. నిలువుగా, ఏటవాలు చెక్క స్టాండుకి ఆనించి, బండి వెళ్ళే దిశకి సమాంతరంగా ఉండాలి. అడ్డంగా పెడితే బ్రేకు వేసినప్పుడల్లా కట్ట మొత్తం ముందుకు తూలుతుంది. అడుగున రబ్బరు గానీ పాత కార్పెట్ గానీ వేసి, తాడు కట్టేచోట గుడ్డ పెట్టండి.

బిల్లు తప్పకుండా తీసుకోండి. గ్లాసు మీద జీఎస్టీ 18 శాతం, ఫ్లోట్ గ్లాసు హెచ్‌ఎస్‌ఎన్ (పన్ను కోసం సరుకుకి ఇచ్చే కోడు) 7005. మీరు మామూలు పద్ధతిలో రిజిస్టరు అయితే ఆ పన్ను మీకు ఇన్‌పుట్ కింద (మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా) తిరిగి వస్తుంది, కాబట్టి బిల్లు లేకుండా ఇచ్చే తగ్గింపు మీకు లాభమే కాదు. కాంపోజిషన్‌లో (చిన్న వ్యాపారులకు ఉన్న సులువు పన్ను పద్ధతిలో) ఉంటే ఇన్‌పుట్ రాదు, పన్నుతో కలిపిన రేటే మీ రేటు. ఎలా ఉన్నా, బిల్లు లేని సరుకులో మచ్చ వస్తే తిరిగి ఇవ్వడానికి మీ చేతిలో ఏ ఆధారం ఉండదు. బిల్లు మీద మందం, షీటు సైజు, షీట్ల సంఖ్య, కంపెనీ పేరు రాయించండి, ఉత్త "గ్లాసు 276 అడుగులు" అని కాదు.

రేట్లు పోల్చేటప్పుడు చేతికొచ్చిన అడుగు మీద లెక్కేయండి. ఉదాహరణకి 40 రూపాయల సరుకులో వందకి 15 అడుగులు మచ్చలకి, పగుళ్ళకి పోతే నికరంగా అడుగు 47 పడుతుంది. 44 రూపాయల సరుకులో 4 పోతే 46 లోపే. అందుకని ఇద్దరి దగ్గరా పదేసి షీట్లు తెచ్చి, పనికొచ్చిన ముక్కలు ఎన్నో రాసుకున్నాకే నెలవారీ ఖాతా పెట్టండి. అప్పు ఇస్తామన్నా మొదటి రెండు సరుకులకు నగదే ఇవ్వండి, బాకీ ఉంటే చెడ్డ షీటు తిప్పి పంపడానికి మాట రాదు.

మీ షాపులో కూడా నెలకి మించి స్టాకు పెట్టొద్దు. ముఖ్యంగా జూలై నుంచి నవంబరు దాకా పదిహేను రోజులకోసారి తెచ్చుకోండి. నేలకి నాలుగు అంగుళాల ఎత్తున, జల్లు కొట్టే షట్టరుకి, తడి గోడకి దూరంగా నిలబెట్టండి. కొత్త కట్ట వచ్చినప్పుడు పాతది ముందుకి జరిపి, కొత్తది వెనక పెట్టండి.