కలుపు మందు అట్రజిన్ బావిలోకి ఏ దారిన చేరుతోంది?

మొక్కజొన్న విత్తిన రెండో రోజున హెక్టారుకు 1 కిలో చొప్పున అట్రజిన్ పిచికారీ చేశాను. తొమ్మిదో రోజు రాత్రి భారీ వాన కురిసింది. ఆ తర్వాత నాలుగు రోజులకు, చేనుకు 40 మీటర్ల దిగువన ఉన్న బావి నీటిలో లీటరుకు 3.6 మైక్రోగ్రాముల అట్రజిన్ ఉన్నట్లు ప్రయోగశాల పరీక్షలో తేలింది.

నిరుడు ఇది 4 ఉండగా, పైనుంచి పారే నీరే కారణమనుకుని చేను దిగువన 6 మీటర్ల వెడల్పున గడ్డి పెంచి, బావి చుట్టూ సిమెంటు గట్టు కట్టించాను. పెద్దగా ఫలితం లేదు. మరో కలుపు మందైన గ్లైఫోసేట్‌లా అట్రజిన్ మట్టి రేణువులను గట్టిగా అంటిపెట్టుకోదని తెలుసు. నాది బంకమట్టి నేల, ఎండకు వేలు దూరేంత పగుళ్లిస్తుంది. వాన మొదట్లో నీరు బుడగలు కక్కుతూ వాటిలోకి దిగిపోవడం కళ్లారా చూశాను. నేల గుండా నెమ్మదిగా ఇంకితే సూక్ష్మజీవులు అట్రజిన్‌ను చాలావరకు డీఇథైల్ అట్రజిన్‌గా మార్చి ఉండాలి, కానీ నమూనాలో అది అట్రజిన్‌లో పదో వంతు మాత్రమే ఉంది. అంటే మందు త్వరగానే చేరిందన్నమాట, కాకపోతే దారి తేలలేదు.

పగుళ్ల గుండా దిగిందా, గడ్డిని దాటి పైనుంచే పారిందా అన్నది తేల్చుకోవాలంటే, వచ్చే వానకు ఎక్కడెక్కడ, ఎంత లోతున నీటి నమూనాలు తీయాలి?